తెర వెనక నడుము

మండువీడు రాజు వీరకేసరి పాచికలాడుతుంటే ఒక పాచిక సింహాసనం కిందికి దొర్లింది. తీసిచ్చే మనిషి ఆ క్షణాన పక్కన లేడు. పుట్టిన నలభై ఏళ్లలో మొదటిసారి రాజు తానే వంగాడు. మళ్ళీ లేవలేదు. నడుము కొడవలిలా ఉండిపోయింది.

నొప్పికంటే అవమానం ఎక్కువైంది.

"నా వెన్ను నిలబడేదాకా ఈ కోటలో ఎవరి వెన్నూ నిలబడ్డానికి వీల్లేదు!"

మంత్రులు వంగి నడిచారు. సేనాపతి వంగి కత్తి దూసి తన మీసమే తెగ్గోసుకున్నాడు. కోట ఊడ్చే ఆడవాళ్ళకు మాత్రం ఆజ్ఞ వచ్చిన సంగతే తెలియలేదు. వాళ్ళు రోజూ నడిచేది అలాగే.

ఆస్థాన వైద్యుడు సోమభట్టు రాజు చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"భూభారం మోసిన వెన్ను ప్రభూ! నలభై రోజులు హంసతూలికా తల్పం. పూటకో నూనె, గంటకో కాపడం, కుంకుమపువ్వు పాలు."

అంతకు వారం ముందే ఊడ్చే ఎర్రక్కకు ఇదే నొప్పి వచ్చింది. ఆడవాళ్ళ చెయ్యి ముట్టుకోనని భట్టు ఆమెను తెర వెనక కూర్చోబెట్టి, మణికట్టుకు దారం కట్టించి, ఇవతలి కొస పట్టుకుని నాడి చూశాడు. పనిదొంగ అని తేల్చాడు. శుక్రవారానికి చీపురు పట్టకపోతే ఆమె కోటలో గుడిసె ఖాళీ చెయ్యాలి. ఎర్రక్కేమో మంచం మీద పక్కకు కూడా తిరగలేకపోతోంది.

రాజుకు తాంబూలం అందించే మాచసానిది ఎర్రక్క పక్క గుడిసే. గురువారం పొద్దున ఆకు చుడుతూ అడిగింది.

"భట్టుగారూ, మీ దారం ఎప్పుడైనా తప్పు చెబుతుందా?"

"పిచ్చిదానా! నా దారం తప్పితే నువ్వు చెప్పిన పని చేస్తాను."

"అయితే మా ఎర్రక్కను ఇంకొక్కసారి చూడండి బాబూ."

"చూసిందే చూడాలా? సరే, మధ్యాహ్నం సభకు తీసుకురా."

భట్టు అటు వెళ్ళగానే మాచసాని రాజు చెవిలో ఏదో చెప్పింది. పరుపు మీద పడి ఉండి విసుగెత్తిన రాజు మొదటిసారి నవ్వాడు.

మధ్యాహ్నం సభలో తెర కట్టారు. వంగిన నీడ ఒకటి మూలుగుతూ వచ్చి తెర వెనక చతికిలబడింది. దారం ఇవతలికి వచ్చింది.

"ఎడమకాలు మడమదాకా లాగుతోందట బాబూ. దగ్గితే ప్రాణం పోతోందట," అంది మాచసాని.

నీడ దగ్గింది. "చచ్చాన్రా దేవుడా," అని సన్నగా మూలిగింది.

"నటన!" భట్టు దారం అలా పట్టుకుని ఇలా వదిలేశాడు. "వెన్ను రాయిలా ఉంది. తిండెక్కువ, పని తక్కువ, ఒళ్ళంతా బద్ధకం. చీపురిచ్చి ఏనుగుల సాల ఊడ్పించండి. సాయంత్రానికి నడుము దానంతటదే దారికొస్తుంది."

"ఇంకోసారి చూస్తారా?"

"అక్కర్లేదు. ఇది పుట్టు సోమరి."

తెర పక్కకు జరిగింది. మణికట్టున దారంతో వీరకేసరి!

"చీపురేదయ్యా భట్టూ?"

భట్టు గబుక్కున చేతులు జోడించాడు.

"ప్రభూ... ఆడమనిషి నాడి అనుకుని..."

"ఆడమనిషిదైతే?"

రాజుకు తమలపాకు అందిస్తూ మాచసాని జవాబు చెప్పింది.

"అదే నొప్పి సింహాసనం దగ్గర పుడితే భూభారం, చీపురు దగ్గర పుడితే బద్ధకం ప్రభూ. మీది ఏదో మీరే తేల్చండి."

రాజు పకపకా నవ్వాడు. నడుములో కత్తి దిగినట్టయి, "అమ్మో!" అని, మళ్ళీ నవ్వాడు.

"నాది భూభారం కాదు, పాచిక భారం. ఎర్రక్క నొప్పి నా నొప్పంత నిజం. నాకు చెప్పిన నూనె, పాలు, నలభై రోజుల పరుపు ఆమెకూ ఇవ్వండి. గుడిసె జోలికెవరూ పోకండి. ఇక అందరూ లేచి నిలబడండి! మాచసానీ, నీకేం కావాలి?"

"నిలబడి ఊడ్చేటంత పొడుగు చీపుళ్ళు ప్రభూ. పొట్టిది ఒక్కటి మాత్రం ఉంచండి."

"అదెవరికి?"

మాచసాని భట్టు వైపు చూసింది. చెప్పిన పని చేస్తానన్నది ఆయనే కదా.

పొద్దు వాలేసరికి ఏనుగుల సాల సగమైనా కాలేదు. భట్టు నడుం మీద చెయ్యి వేసుకుని, "అయ్యో, నా వెన్ను!" అన్నాడు.

మాచసాని గుమ్మం అవతలే ఆగి దారం కొస విసిరింది.

"ముట్టుకోనులెండి బాబూ. కట్టుకోండి, నాడి చూస్తాను."

కోటంతా నిటారుగా నిలబడి నవ్వింది.