గోతికి ప్రతిష్ఠ

ఏ రాజు కాలమో గుర్తులేదు. కోటకు కంకర కావాలని దండనాయకుడు వీరమల్లు ఏటిగట్టు పక్క పచ్చిక బయలంతా తవ్వించాడు. ఆ కోట ఇప్పుడు లేదనుకోండి, అది వేరే సంగతి. పనయ్యాక పూడ్చి ఇస్తానన్న మాట మాత్రం అతను మరిచాడు. ఆ బయల్లోనే పశువుల్ని మేపుకునే కాటమ్మ దూడ ఆ గోతిలో పడి చచ్చిపోయింది. మిగిలిన ఒక్క ఆవుకూ మేత కరువైంది. ఇంతలో వానలకు గొయ్యి నిండింది. వాన చేసిన పనికి తమ పేరు పెట్టుకోవడం పెద్దల పాత అలవాటే కదా! "ప్రజలకు చెరువు తవ్వించాను ప్రభూ" అంటూ వీరమల్లు రాజుగారినే వెంటబెట్టుకొచ్చాడు.

కాటమ్మకు కడుపు మండింది. అయినా ఆవును తోలుకొచ్చి దండం పెట్టింది.

"ధర్మాత్ములు దొరగారు! ప్రతిష్ఠ ఒక్కటే మిగిలిపోయింది. చెరువు తవ్వించినవారు ఆవు తోక పట్టుకుని ఈ దరిన దిగి ఆ దరికి చేరాలి గదండీ. ఇదిగో ఆవు."

"అవును, ఆచారమే. దిగవయ్యా!" అన్నాడు రాజు.

వీరమల్లు నిలువుగా కోసిన దరిని, నల్లటి నీళ్లను చూశాడు. ఆవు కూడా చూసి వెనక్కి తగ్గింది.

"మెట్టు లేదు, లోతు తెలీదు. దిగితే బతుకుతానా ప్రభూ? ఇది చెరువు కాదు, గొయ్యి!"

"గొయ్యైతే పూడ్చెయ్యి మరి" అన్నాడు రాజు.

మరుసటేడు అక్కడ మళ్లీ గడ్డి మొలిచింది. కాటమ్మ ఆవు మేస్తూ తోక ఆడిస్తే చాలు, వీరమల్లు చుట్టుతిరిగి పోయేవాడట.