వెనక్కి వచ్చిన వాగ్దానాలు

"అమ్మగారూ, ఇది దేవుడి నడిపింపేనని మనకెలా తెలుస్తుంది?"

ప్రిస్కిల్ల ఈ ప్రశ్న అడగడం ఆ డిసెంబరులో ఏడోసారి. మొదటి రెండుసార్లు ఎస్తేరమ్మగారు ఓపిగ్గా వాక్యం తీసి చూపించారు. మూడోసారి పక్కన కూర్చోబెట్టుకుని ప్రార్థన చేశారు. నాలుగోసారి నుంచి కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆవిడ కళ్లజోడు తుడుస్తున్నారంటే ఓపిక అయిపోవస్తోందని మా స్త్రీల సమాజంలో అందరికీ తెలుసు.

ఎస్తేరమ్మగారి భర్త మా రేపల్లె సంఘానికి పాతికేళ్లు పాస్టరుగా చేసి పోయారు. బుధవారాలు మేం ఆవిడ ఇంట్లో చేరి వాక్యం నేర్చుకుంటాం. ఏడాది చివరి బుధవారం మాత్రం పాఠం ఉండదు. కొత్త సంవత్సరం ఆరాధనలో పళ్లెంలో పెట్టి తిప్పే వాగ్దాన కార్డులు ఆ రోజు తయారుచేస్తాం. పళ్లెం దగ్గరికి రాగానే ఎవరికి వారు కళ్లు మూసుకుని ఒక కార్డు తీస్తారు. అందులో ఏ మాట ఉంటే ఆ ఏడాదికి దేవుడు తమతో అన్న మాట అదే. చార్టు కాయితం కత్తిరించి మడిచేది మేము. రాసేది ప్రిస్కిల్ల. బడిలో తెలుగు టీచరు, అక్షరం గుండ్రంగా ఉంటుంది. ఆరేళ్లుగా మా సంఘంలో దేవుడి మాటలన్నీ ఆమె దస్తూరీలోనే అందుతున్నాయి.

ఆమె ప్రశ్న వెనక ఉన్నది వాళ్లక్క తబిత. తబితకు మర్నాడు ఉదయం గుంటూరులో గర్భసంచి ఆపరేషను. భర్త లారీ తోలుకుంటూ నాగపూరు అవతల ఎక్కడో ఉన్నాడు. తోడు మనిషి లేదని ఆసుపత్రిలో ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశారు. ఆవేళ పొద్దున్నే ఒక్కతే వెళ్లి మంచం మీద పడుకుంది. సాయంత్రం అయిదులోపు సొంతవాళ్లెవరైనా వచ్చి సంతకం పెట్టకపోతే మళ్లీ వాయిదానే. రక్తం పోయి పోయి గోడ పట్టుకుని నడుస్తోందని, చెల్లిని రమ్మని చెప్పమందని కబురు మోసుకొచ్చింది మా సంతోషమ్మే.

అక్కచెల్లెళ్లకు నాలుగేళ్లుగా మాటల్లేవు. తల్లి జ్ఞాపకార్థ కూడికకు వేయించిన కరపత్రంలో పెద్దల్లుడి పేరు పడలేదు. అచ్చు వేయించింది ప్రిస్కిల్ల. పొరపాటున పోయిందని ఆమె అంటుంది, కావాలనే తీయించిందని అక్క అంటుంది. ఆ మంట మీద తబిత నలుగురిలో, "అమ్మ శవపెట్టె దగ్గర నువ్వు ఏడ్చింది దొంగ ఏడుపు" అనేసింది. చిన్న మాటేమీ కాదు, కాదనను. కానీ అక్క ఆసుపత్రి మంచం మీద ఉంటే చెల్లెలు పరలోకం నుంచి ప్రత్యేక ఉత్తర్వు కోసం ఎదురుచూడటం ఏం భక్తో నాకిప్పటికీ అర్థం కాదు.

"దేవుణ్ణి ఏమని అడిగావు?" అన్నారు ఎస్తేరమ్మగారు.

"వెళ్లమంటే ఒక గుర్తు చూపించమన్నానమ్మగారూ. నిన్న ఒకసారి అక్కని చూసొద్దామని బయల్దేరితే వాన పట్టింది."

"వాయుగుండం ఉందని పేపర్లో వేశారుగా."

"ఇవాళ వాన లేదనుకోండి. కానీ హృదయంలో నెమ్మది, సమాధానం రావట్లేదు."

కత్తెర ఆడిస్తున్న సంతోషమ్మ ఉండబట్టలేకపోయింది. "అక్కడ మీ అక్కకి రక్తం ఆగట్లేదు. నీకు ఇక్కడ సమాధానం ఎట్లా వస్తుంది తల్లీ?"

ఎస్తేరమ్మగారు లేచి, బీరువా మీద నుంచి తుప్పుపట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటి దింపారు. మూత ఊడదీసి ప్రిస్కిల్ల ముందు పెట్టారు. లోపల నిండా వాగ్దాన కార్డులు.

"గుర్తు కావాలన్నావుగా. తియ్యి."

ప్రిస్కిల్ల ముఖం వెలిగింది. కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, చాలాసేపు ప్రార్థించి ఒక కార్డు తీసింది. రోగంతో ఉన్నవారిని చూడ్డానికి వెళ్లమన్న మాట వచ్చింది. "ఇది సంఘం మొత్తానికీ చెప్పినట్టుందమ్మగారూ" అని తిరిగి పెట్టేసింది. రెండోది తీసింది. క్షమించమన్న మాట. "ఇది మా అక్కకి రావాల్సింది" అంది. మూడోది తీసింది. తోబుట్టువుకు నీమీద ఏదైనా కోపం ఉంటే ముందు నువ్వే కదిలి వెళ్లమన్న మాట. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, డబ్బాలో పడేసి, రెండు చేతులతో పట్టుకుని గలగలా ఊపింది.

"సరిగ్గా కలిపినట్టు లేరమ్మగారూ."

సంతోషమ్మ కత్తెర ఆగిపోయింది. ఎస్తేరమ్మగారు డబ్బా అందుకుని చాప మీద బోర్లించారు.

"ఇవి ఏటా పళ్లెంలో వెనక్కి వచ్చినవి. దీవిస్తాను, హెచ్చిస్తాను అన్నవి మొదటి వరసల్లోనే అయిపోతాయి. ఇవి మిగులుతాయి. మిగులుతాయంటే ఎవరూ తీయక కాదు. తీస్తారు, చదువుతారు, మళ్లీ మడిచి పెట్టి ఇంకోటి తీసుకుంటారు. ఆ మూలలు చూడు."

చూశాం. మూలలన్నీ నలిగి, మెత్తబడి, వేళ్ల జిడ్డుతో నల్లగా ఉన్నాయి. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. రెండేళ్ల కిందట నేను వెనక్కి పెట్టిన కార్డు ఆ కుప్పలో ఎక్కడుందో నాకు తెలుసు. ఇట్టే గుర్తుపట్టాను.

"దస్తూరీ ఎవరిది?" అన్నారు ఎస్తేరమ్మగారు.

ప్రిస్కిల్ల చాప మీదికి వంగింది. ప్రతి కార్డు మీదా అవే గుండ్రటి అక్షరాలు. 'క్ష' కింద ఒత్తును తోకలా లాగడం ఆమెకు అలవాటు, పిల్లల చేత కూడా అలాగే రాయిస్తుంది. 'క్ష' వచ్చిన చోటల్లా ఆ తోక ఉంది.

"నేనే రాశాను," అంది. "ఇంకెవరికో పోతాయని రాశాను."

పెన్నుకు మూత పెట్టింది. లేచి చీర కుచ్చిళ్లకు అంటుకున్న కాయితం ముక్కలు దులుపుకుని, చేతిసంచి తీసుకుంది. పన్నెండుంబావుకి గుంటూరు బస్సుందని సంతోషమ్మ చెప్పింది. గుమ్మం దాకా వెళ్లిన ప్రిస్కిల్ల అక్కడ ఆగింది. ఆగకపోతే ఆమె ప్రిస్కిల్ల ఎందుకవుతుంది?

"అమ్మగారూ, నన్ను చూడగానే అక్క అటు తిరిగి పడుకుంటే? అప్పుడు దేవుడు వద్దన్నట్టేనా?"

ఎస్తేరమ్మగారు కళ్లజోడు తీశారు. ఈసారి తుడవలేదు.

"మంచానికి రెండో పక్క కూడా ఉంటుందమ్మా. అటు వెళ్లి కూర్చో."