పెడమొగమ్మ గుడికి లోపలి గడియ

వాకిటిబండ కొండ మీద వెలసిన పెడమొగమ్మ తల్లిని చూడవచ్చే భక్తులు మొట్టమొదట అడిగే మాట ఒకటే: "అమ్మవారు ఇటు తిరిగి లేదేమిటి?" నిజమే. గర్భగుడిలో తల్లి వీపు మనకు, ముఖం గోడకు ఉంటుంది. అభిషేకం వీపు మీదనే చేస్తారు, పసుపు కుంకుమలు జడ మీదనే పెడతారు. ముఖం చూసినవారు ఇంతవరకు లేరు. గోడకూ విగ్రహానికీ నడుమ చెయ్యి పట్టే సందు కూడా లేదు.

కొండ కింది దాకా బస్సు వస్తుంది. అక్కడి నుంచి రాతి మెట్లు. వేసవిలో పొద్దెక్కక ముందే ఎక్కడం మంచిది; ఆ రాయి తొందరగా కాలుతుంది. పైకి వెళ్లిన తర్వాత గోపురం కోసం వెదకవద్దు. గుడి ఒక మామూలు ఇల్లంత ఉంటుంది. అది ఒకప్పుడు ఇల్లే. శాసనాల పరిశోధన చేసే పండితుడొకరు పూర్వం వచ్చి, ఇది జైనుల విగ్రహమై ఉంటుందని, ఎవరో తిప్పి పెట్టి ఉంటారని అన్నారు. ఆయన పెద్ద చదువరి, మంచి మనిషి, మా ఊరి జొన్నరొట్టె ఇష్టంగా తిని వెళ్లారు. ఆయన మాట ఆయనది. ఊరివారు తరతరాలుగా చెప్పుకొంటున్నది మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

ఇంకొక విశేషం. ఈ గుడి తలుపుకు బయట తాళం లేదు, లోపల గడియ ఉంది. ఉదయం పూజ కాగానే పూజారిణి బయటికి వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. భక్తులు ఒక్కొక్కరుగా లోపలికి వెళ్లి, తామే తలుపు మూసుకొని, గడియ వేసుకోవాలి. పేరు, గోత్రం అడిగేవారుండరు. ఎంతసేపు ఉండవచ్చునంటే దానికి లెక్క లేదు. వచ్చినవారికి ఇది వింతగా తోస్తుంది. మిగతా గుళ్లలో "జరగండి, జరగండి" అనే మాటకు అలవాటుపడిన ప్రాణాలు కదా.

పూర్వం ఇక్కడ గుడి లేదు. గొర్రెల మందలు మేపి, ఉన్ని వడికి, గొంగళ్లు నేసుకొనే కురుబల ఊరొకటి ఉండేది. ఈ సీమను వీరబొమ్మ నాయకుడనే పాళెగాడు ఏలేవాడు. అతడు చెడ్డవాడని ఏ కథలోనూ లేదు. పిలిస్తే పలికేవాడు, అడిగితే తీర్పు చెప్పేవాడు.

ఒక ఏడు వానలు లేవు. మగవారిలో సగం మంది మందలు తోలుకొని మేత ఉన్న దేశాలకు పోయారు. ఊళ్లో మిగిలిన గొర్రెలు ఒకటొకటిగా మాయం కాసాగాయి. తోడేలు పనైతే నెత్తురు మరక కనబడాలి, చిరుత పనైతే ఈడ్చిన జాడ ఉండాలి. గొర్రెల కాపరులకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఏ జాడా లేదు. అంటే దొంగ ఊళ్లోనే ఉన్నాడు, పొరుగువాడి గొర్రెను కోసి, తలుపు మూసుకొని వండుకొంటున్నాడు. అందరికీ అందరి మీదా అనుమానం పుట్టింది. ఊరిపెద్ద కరియప్ప పదిమందిని వెంటబెట్టుకొని నాయకుడి దగ్గరికి వెళ్లాడు.

"దొరా, ఎవరింట్లో ఏం ఉడుకుతాండాదో తెలిస్తే దొంగ దొరుకుతాడు. ఊళ్లో ఎవురూ వాకిలి ఎయ్యగూడదని ఒక కట్టుబాటు చెయ్యి," అని అడిగాడు.

నాయకుడు కొంచెం ఆలోచించి, "నీ ఇంటి వాకిలి కూడానా కరియప్పా?" అన్నాడట.

"నా ఇంట్లో ఏముంది దొరా దాచుకొనేదానికి? గంజి, మా ఆడదాని నోరు. రెండూ ఊరికి తెలిసినవే."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే చట్టం పుట్టింది. పగలు గాని, రాత్రి గాని ఊళ్లో ఏ తలుపూ మూయరాదు. తలారి ఎప్పుడైనా ఏ ఇంట్లోకైనా తొంగి చూడవచ్చు. గడియ వేసిన ఇంటి తలుపు పీకి, ఆ ఇంటివారిని పొలిమేర దాటించాలి. ఊరే అడిగి చేయించుకొన్న చట్టం కాబట్టి ఎవరూ నొచ్చుకోలేదు. దొంగతనాలు కూడా ఆగిపోయాయి. ఇది దాచి చెప్పడం ధర్మం కాదు.

వానలు వచ్చాయి, గడ్డి మొలిచింది, మందలు తిరిగొచ్చాయి. చట్టం మాత్రం వచ్చిన చోటికి పోలేదు. భయం పుట్టిన వేళ చేసుకొన్న కట్టుబాట్లకు ఇది ఒక స్వభావం. భయం పోయిన సంగతి వాటికి ఎవరూ చెప్పరు. ఊళ్లో మెల్లగా ఒక అలవాటు వచ్చింది. దొంగ కోసం చూడడం మొదలుపెట్టిన కళ్లు, దొంగ లేకపోయినా చూడడం మానలేదు. ఎవరి కోడలు రెండో ముద్ద తిన్నదో, ఎవరి సంగటిలో రాళ్లున్నాయో, ఏ ముసలాయన పెళ్లాం కాళ్లు పట్టాడో పొద్దున బావి దగ్గర తెలిసిపోయేది. "ఏం వదినా, నిన్న మా అన్న మీద అలిగి గోడవైపు పడుకున్న్యావంటనే?" అని ఎకసెక్కాలాడేవారు. స్నానానికి గొంగళి అడ్డం కట్టుకొంటే, అదీ తలుపు వంటిదేనని తలారి నింగప్ప తీసివేయించాడు. భార్యాభర్తలు పోట్లాడుకోవడం మానేశారు. బయటివారికి అది సఖ్యతలా కనబడింది. అసలు మాట్లాడుకోవడమే మానేశారని ఇంట్లో ఉన్నవారికే తెలుసు.

ఆ ఊళ్లో సిద్దమ్మ అనే కోడలు ఉండేది. భర్త ఆ ఏడు మళ్లీ మందతో దూరదేశానికి పోయి ఉన్నాడు. ఇంట్లో ఆమె, అత్త హనుమక్క, నెలల బిడ్డ. ఆ బిడ్డ జ్వరం తగిలి పోయింది. ఊరంతా వచ్చి మూడు రోజులు సిద్దమ్మతో కలిసి ఏడ్చింది. ఆ విషయంలో ఈ సీమ జనం గొప్పవారు, పరాయి దుఃఖానికి కూడా కళ్లలో నీళ్లు సిద్ధంగా ఉంచుకొంటారు. అయితే మూడు రోజులు దాటాక తల్లి ఏడవకూడదని ఒక నమ్మకం. ఏడిస్తే మళ్లీ కడుపు పండదంటారు. నాలుగో నాడు ఆమె కన్ను చెమర్చిందో లేదో, వాకిట్లో నుంచి ఎవరో ఒకరు, "ఇంగా ఏడుస్తాండావా సిద్దీ? పోయినోళ్లకి దారి బురదవుతాదే," అనేవారు. మంచికే అనేవారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకొని రోలు దగ్గరికి పోయేది. కొండ అంచుకు పోతే అక్కడ కాపరులు. బావి దగ్గరికి పోతే అక్కడ ఆడవాళ్లు. ఏడవడానికి ఆ ఊళ్లో ఆమెకు జానెడు చోటు లేదు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం, అత్త పొలానికి పోయిన వేళ, సిద్దమ్మ లేచి తలుపు మూసింది. గడియ వేసింది.

చాలాకాలంగా ఆ ఊరు వినని చప్పుడు అది. క్షణంలో జనం పోగయ్యారు. కర్మవశాన ఆ పొద్దుటే కరియప్ప మందలో ఒక గొర్రె కనబడలేదు. ఇంకేం కావాలి? "వండుతాంది!" అని ఒకరు, "పొగ రాలేదే" అని మరొకరు, "పచ్చిదే తింటాందేమో" అని ఇంకొకరు. నింగప్ప తలుపు బాదాడు. లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. నాయకుడు పక్క ఊళ్లోనే విడిది చేసి ఉంటే అతడికి కబురు పెట్టారు.

ఈలోగా హనుమక్క పరుగున వచ్చి గడపకు అడ్డంగా నిలబడింది. కరియప్ప ఆమెకు వరసకు మరిది.

"వదినా, అడ్డం లెయ్. చట్టం నీకొకటి, మాకొకటి గాదు."

"నా కోడలు ఏం జేసిందిరా?"

"ఏం జేసిందో చూస్చామనే గదా!"

"చూస్చారా? ఇంగా ఏం మిగిల్నాదని చూస్చారు? అది తిన్నది చూస్తిరి, నిద్రపోయింది చూస్తిరి, బిడ్డను పూడ్చింది చూస్తిరి. ఒక్క గడియేస్తే మీ కండ్లు పోతాండాయా?"

నాయకుడు గుర్రం దిగాడు. అతడికి హనుమక్క మాట నచ్చింది. కాని చట్టం తనది. పదిమంది ఎదుట తప్పుకోలేడు. తలుపు తీయించమని సైగ చేశాడు. గునపాలతో గడియ విరిచారు.

లోపల పొయ్యి చల్లగా ఉంది. గొర్రె లేదు. సిద్దమ్మ గోడవైపు తిరిగి కూర్చొని ఉంది. ఆమె పక్కనే మరొక స్త్రీ, అలాగే గోడకు ముఖం పెట్టి, ఎడమచెయ్యి సిద్దమ్మ భుజాల చుట్టూ వేసి కూర్చొని ఉంది. ఇద్దరి వీపులూ కదులుతున్నాయి. వేసిన గడియ వేసినట్లే ఉండగా రెండో మనిషి ఎటు వచ్చిందో ఎవరికీ తోచలేదు.

"ఎవరమ్మా మీరు? ఇటు తిరగండి," అన్నాడు నాయకుడు.

సిద్దమ్మ తిరిగింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది. రెండో స్త్రీ తిరగలేదు. నింగప్ప వెళ్లి భుజం పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకొన్నాడు. అది రాయి.

జనం దండాలు పెట్టారు. అయితే దండం పెట్టినంత మాత్రాన మనసు మారుతుందని అనుకోరాదు. కాసేపటికే కరియప్ప గొంతు సవరించుకొన్నాడు. "దేవత వచ్చినాది, బాగనే ఉంది. కాని గడియేసిన మాట నిజమే గదా దొరా? ఈ పొద్దు సిద్దిని ఒదిలితే రేపు అందరూ వాకిళ్లేసుకుంటారు. మళ్లీ గొర్రెలు పోతాయి." అతడి మాటకు తలలూపినవారే ఎక్కువ. తీర్పు రేపు చెబుతానని నాయకుడు విడిదికి వెళ్లిపోయాడు. సిద్దమ్మ మూట కట్టుకొని కూర్చొంది.

ఆ రాత్రి నాయకుడికి కల వచ్చింది. కలలో అదే స్త్రీ. ముఖం చూద్దామని అతడు ముందుకు నడిచాడు. అటు కూడా వీపే. పక్కకు వెళ్లాడు, అటూ వీపే. అలసి కూలబడ్డాడు. అప్పుడు తల్లి పలికింది: "నాయనా, నువ్వు సీమను ఏలుతున్నావు. నా మొగం మాత్రం నేను తిప్పితేనే తిరుగుతుంది. తలుపు తెరిచి ఉన్న ఇళ్లన్నీ తిరిగాను. కూర్చునే చోటు దొరకలేదు. ఆ పిల్ల గడియ వేసుకొంటే దాని పక్కన కూర్చొన్నాను. నన్ను అక్కడే ఉండనీ."

తెల్లవారి అతడు ఊరిని పిలిపించి, కల చెప్పి, చట్టం రద్దు చేస్తున్నానన్నాడు. సంతోషించాల్సిన ఊరు గొణిగింది. గొర్రెల మాటేమిటని అడిగింది. అప్పుడు హనుమక్కే ముందుకొచ్చింది.

"పోయింది గొర్రె గదా దొరా? దొడ్డికి కావలి పెట్టు. మా కడుపులకు కావలి ఎందుకు?"

నాయకుడు అలాగే చేశాడు. ఊరి గొర్రెలన్నిటికీ కలిపి ఒక ముళ్లకంప దొడ్డి వేయించి, వంతులవారీగా కావలి పెట్టాడు. విరిగిన గడియ స్థానంలో కొత్తది తానే చేయించి ఇచ్చాడు. సిద్దమ్మ మూట విప్పింది. అమ్మవారున్న ఇల్లు గుడి అయింది. హనుమక్క మొదటి పూజారిణి, ఆ తర్వాత సిద్దమ్మ. నేటికీ ఈ పూజారిత్వం అత్త నుంచి కోడలికే వస్తుంది. సిద్దమ్మకు ఆ తర్వాత పిల్లలు పుట్టారని కొందరు, లేదని కొందరు అంటారు. ఆ రోజు తప్పిపోయిన గొర్రె దొరికినట్లు మాత్రం ఏ కథలోనూ లేదు. ఆ తర్వాత ఒకటీ అరా పోయే ఉంటాయి. ఊరు వాటికి ఓర్చుకొంది.

ఊరు కాలక్రమాన కొండ దిగి కింద స్థిరపడింది. ఇళ్లు కట్టుకొనేవారు గృహప్రవేశానికి ముందు కొత్త గడియను తెచ్చి తల్లి వీపుకు తాకించి తీసుకొని వెళతారు. కొత్త దంపతులకు ఇక్కడ ఇచ్చే ప్రసాదంలో బెల్లం, పుట్నాలతో పాటు చిన్న కొయ్యగడియ ఒకటి ఉంటుంది.

కొన్నేళ్ల కింద గుడిలో హుండీ సొమ్ము పోయింది. ఆనాటి ఊరిలాగే మళ్లీ మేమే, కావలి కావాలని అర్జీ పెట్టాము. హుండీ ఉన్న చోట కెమెరా పెట్టాలని అధికారుల నుంచి ఉత్తర్వు వచ్చింది. హుండీ ఉండేది లోపల. కమిటీలో కుర్రవాళ్లు పెట్టాలని, పెద్దవాళ్లు వద్దని రెండు పూటలు వాదించుకొన్నారు. తనిఖీకి వచ్చిన ఉద్యోగి రూలు ప్రకారం పెట్టక తప్పదన్నాడు. ఆయన తప్పేమీ లేదు. అంతా విని, అప్పటి పూజారిణి, "రూలు హుండీకా, అమ్మకా సారూ?" అని అడిగింది. హుండీకేనన్నాడాయన. ఆ సాయంత్రమే నలుగురు పట్టి హుండీని బయట అరుగు మీదికి తెచ్చారు. ఇప్పుడు కెమెరా దాని నెత్తినే ఉంది. కానుకలు అక్కడే వేయండి.

లోపలికి వెళ్లినప్పుడు తల్లి ఎడమ పక్కన, చాచిన చెయ్యి కింద, ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా కనబడుతుంది. అక్కడ కూర్చోవచ్చు. నేల నున్నగా ఉంటుంది, ఎందరో కూర్చొన్నారు. కోరిక కోరాలనే నియమం లేదు. బయటికి వచ్చినవారిని ఏం మొక్కుకొన్నారని గాని, కళ్లు ఎందుకు ఎర్రబడ్డాయని గాని ఎవరూ అడగకూడదు. వంతు ఎంత ఆలస్యమైనా తలుపు తట్టకూడదు. తలుపు మూసుకొన్నవారికి తల్లి తోడుంటుంది. తట్టకుండా ఎండలో నిలబడినవారికి కూడా అంతే ఫలమని పెద్దల మాట.