కయీను భార్య పేరు చెక్కిన రాయి

చీరాలలో సండేస్కూలు చెప్పే దేవదానం మాస్టారికి బైబిలంతా కొట్టిన పిండే గానీ, ‘నాకు తెలియదు’ అనే మాట మాత్రం ఆయన నోట ఏనాడూ వచ్చేది కాదు. పిల్లలు ఏది అడిగినా టక్కున జవాబు చెప్పాల్సిందే. లేకపోతే అక్కడికక్కడే పుట్టించేవాడు. మాస్టారన్నాక అంతే మరి అనుకునేవాడు పాపం.

ఆయన తమ్ముడి కూతురు నిరీక్షణ, తండ్రి పోయాక ఆయన దగ్గరే పెరిగింది. అప్పటికి డిగ్రీ చదువుతుండేది. ఈస్టరు నాడు ఆ పిల్లకు బాప్తిస్మం. నీళ్ళలో దిగేముందు సంఘమంతటి ఎదుటా నిలబడి, తాను ఎందుకు నమ్ముతున్నదో సాక్ష్యం చెప్పాలి. అది వాళ్ళ ఆనవాయితీ. ఆ రోజు కోసం మాస్టారు ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాడు.

సరిగ్గా దానికి ముందు వారం నిరీక్షణ కాలేజీ నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చింది.

“పెదనాన్నా, మా క్లాసులో నవ్వుతున్నారు. ఆదాము, హవ్వలకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు కయీను రెండోవాణ్ణి చంపేశాడు. మరి ఆ కయీనుకి పెళ్ళాం ఎక్కణ్ణించి వచ్చిందని అడుగుతున్నారు. ఇవన్నీ కట్టుకథలేనట.”

“ఆదాముకి కూతుళ్ళు కూడా పుట్టారమ్మా. ఆదికాండం అయిదో అధ్యాయంలో ఉంది కదా.”

“అదీ చెప్పాను. చెల్లెల్ని చేసుకున్నాడా అని ఇంకా నవ్వారు. ఊరు కూడా కట్టాడట, ఎవరి కోసం అన్నారు.”

 ఇక్కడ ఒక్క ఇటుక కదిలితే నమ్మకమనే గోడంతా కూలుతుందని మాస్టారికి భయం. పిల్ల చెయ్యి జారిపోతుందేమోనని అంతకంటే భయం. ఆ కంగారులో, పొద్దున ఎవరో ఫోనుకు పంపిన ఫొటో గుర్తొచ్చింది.

“ఇదిగో చూడు. కయీను కట్టిన ఊరు తవ్వకాల్లో బయటపడింది. ఈ రాయి మీద చెక్కింది అతని భార్య పేరే. పెద్ద పెద్ద సైంటిస్టులే ఒప్పుకున్నారు.”

“నిజంగానా పెదనాన్నా?”

“నేను స్వయంగా విచారించానమ్మా,” అన్నాడు. విచారించిందేమీ లేదు. నోటికొచ్చింది, అనేశాడు.

ఆ పిల్ల ముఖం విప్పారింది. ఆయనకు మాత్రం అబద్ధమాడానే అనిపించింది. పోనీలే, దేవుడి కోసమే కదా ఆడాను అని సర్దిచెప్పుకున్నాడు. మన అబద్ధాలతో దేవుడికేం పని? ఆ ముక్క ఆయనకు తట్టలేదు.

మర్నాడు నిరీక్షణ ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతో వచ్చింది.

“అది సినిమా సెట్టింగు పెదనాన్నా. ఒకమ్మాయి ఫోనులో వెతికి అందరికీ చూపించింది. నవ్వితే నవ్వారు, నా బాధ అది కాదు. స్వయంగా విచారించానన్నావు. మరి చిన్నప్పట్నించీ నువ్వు చెప్పినవాటిలో ఏవి నిజం? నేను సాక్ష్యం చెప్పలేను.”

ఆ వారమంతా మాస్టారు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. జవాబు కోసం పుస్తకాలన్నీ తిరగేశాడు. కయీను కథ ఉన్నదున్నట్టు జరిగిందన్న పండితులున్నారు. మనిషి సంగతి చెప్పడానికి దేవుడు చెప్పించిన కథ అన్నవాళ్ళూ ఉన్నారు. అందరూ నమ్మేవాళ్ళే. వాళ్ళలో కొందరు ‘ఇది మాకు తెలియదు’ అని నిర్భయంగా రాసుకున్నారు. అది చూసి ఆయనకు సిగ్గేసింది. చివరికి కయీను కథే మళ్ళీ చదివాడు. నీ తమ్ముడెక్కడ అని దేవుడడిగితే, కయీను నాకు తెలియదన్నాడు. మాస్టారి చూపు అక్కడే ఆగిపోయింది.

ఈస్టరు నాడు సాక్ష్యాల వేళ నిరీక్షణ తలవంచుకుని వెనక కూర్చుంది. పాస్టరుగారు ఆమె పేరు పిలిచేలోపే మాస్టారు లేచాడు.  ఇన్నేళ్ళ పరువూ ఇవాళ్టితో సరి అనుకున్నాడు.

“కయీను భార్య సంగతి నాకు తెలియదు,” అన్నాడు. “తెలుసని మా నిరీక్షణకి అబద్ధం చెప్పాను. కయీను తెలిసీ తెలియదన్నాడు. నేను తెలియకపోయినా తెలుసన్నాను. ఇద్దరం ఒకటే. అలాంటి కయీనుని కూడా ఎవరూ చంపకుండా దేవుడు గుర్తు వేసి కాపాడాడు. నేను నమ్మేది ఆ దేవుణ్ణి. నా సాక్ష్యం ఇంతే.”

నిరీక్షణ ఆ రోజు నీళ్ళలో దిగలేదు. మాస్టారి మనసు కలుక్కుమంది. ఇద్దరూ ఇంటికి నడిచి వెళ్తున్నారు.

“పెదనాన్నా, సృష్టిలో దేవుడు సూర్యుణ్ణి నాలుగో రోజు చేస్తే మొదటి రోజు సాయంత్రం ఎలా అయింది?” అంది ఉన్నట్టుండి.

“తెలియదమ్మా. కలిసి చదువుదామా?”

“చదువుదాం,” అంది నిరీక్షణ. “ఇప్పుడు నువ్వు ఏం చెప్పినా నమ్మబుద్ధేస్తోంది.”

నీతి: తెలియనిదాన్ని తెలియదన్నంత మాత్రాన విశ్వాసం పోదు, దేవుణ్ణి గెలిపించాలని ఆడిన అబద్ధంతోనే పోతుంది.