ఉల్కను చూసినవాడికి కడియం

పగిడిపల్లి రాజుగారికి ఆ పొద్దున తిండి సయించలేదు. ముందురోజు దీపాలు పెట్టే వేళ ఊరంతా పట్టపగలయ్యేలా ఆకాశంలో ఒక ఉల్క మండుతూ పోతే, ఆయనేమో తలుపులు మూసుకుని తలంటు పోసుకుంటున్నారు. చూడలేకపోయానని ఒకటే దిగులు.

"దాన్ని కళ్ళారా చూసినవాడు వచ్చి నాకు చెప్పాలి. వాడికి ఈ కడియం ఇస్తాను" అని చేతి బంగారు కడియం తీసి అందరికీ చూపించారు.

ముందు వచ్చినవాడు కోట బురుజు మీద కాపలా ఉండే గంగన. తెల్లటి నిప్పుముద్ద ఒకటి చప్పుడు లేకుండా తూర్పు నుంచి పడమరకు జారిపోయిందనీ, తన నీడ గోడ మీద గిర్రున తిరిగిందనీ, అది మాయమైన కాసేపటికి ఉరుము వినబడిందనీ చెప్పాడు.

ఆస్థాన జ్యోతిష్కుడు నరహరి అవధాని పకపకా నవ్వాడు. తనకంటే ముందు ఎవరికైనా ఏదైనా తెలిస్తే ఆయనకు అన్నం అరగదు. గంగన కాపలాలో నిద్రపోయి కల కన్నాడనీ, అలాంటివాణ్ణి ఊరు దాటించాలనీ అన్నాడు. తాను పూజగదిలో ఉండగా ఢామ్మని చప్పుడైందట. బయటికి పరుగెత్తి తలెత్తి చూస్తే, ఏడు రంగుల ఉల్క నెత్తిమీదుగా పోయిందట.

రాజుగారు అవునవునని తలూపారు. గంగన పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని ఎక్కడికి పోతాడు, పాపం.

రాజుగారికి తమలపాకులు చుట్టి ఇచ్చే పేరయ్యకు కడుపు మండింది. ప్రభువుల్ని ఒక్కసారి కిటికీ దగ్గరికి దయచేయమన్నాడు. పెద్ద ఏటికి అవతలి ఒడ్డున చాకలివాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు.

"ముందు ఏది తెలుస్తోంది ప్రభూ? బట్ట బండను తాకడమా, దాని చప్పుడా?"

రాజుగారు చూశారు. బట్ట మళ్ళీ పైకి లేచాకగానీ చప్పుడు రావడం లేదు.

"ఏటి అవతల నుంచి రావడానికే ఆ చప్పుడు ఇంత ఆలస్యం చేస్తే, ఆకాశం నుంచి ఎప్పటికి వస్తుంది? అది విని బయటికొచ్చినవారికి ఇంకా ఉల్క ఎక్కడుంటుంది?"

నిన్న స్నానాలగది కిటికీ సందులు తళుక్కుమనడం, ఇంకో పది చెంబులు పోసుకున్నాక ఉరమడం రాజుగారికి అప్పుడు గుర్తొచ్చాయి. ఆయన అవధాని వైపు తిరిగారు.

అవధాని తడబడుతూ పేరయ్య మీద విరుచుకుపడ్డాడు. "అయితే నేను చూసింది ఏమిటోయ్?"

పేరయ్య చేతులు కట్టుకుని వినయంగా చెప్పాడు.

"కడియాన్ని, స్వామీ."

సభంతా గొల్లుమంది. రాజుగారు నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటూనే కడియం గంగన చేతికి తొడిగి, తన మెడలోని ముత్యాలహారం తీసి పేరయ్య మెడలో వేశారు.