ఎటైనా సరే

"చెయ్యకూడని పని చేస్తుంటే ఇంత హాయిగా ఎందుకుంటాది, గురువు గారూ?"

ఈ మాట అడగడానికి తవిటినాయుడికి మూడు ఆదివారాలు పట్టింది. మూడో ఆదివారం కూడా పాఠం అయిపోయి, అందరూ లేచి చాపలు చుట్టేస్తుంటే, తలుపు దగ్గర నిలబడి గబగబా అడిగేశాడు. అడిగాక మెట్ల వైపు చూశాడు, జవాబు వినకుండానే దిగిపోదామా అన్నట్టు.

పరాంకుశాచార్యులు గారు గోపాలపట్నంలో ఒక గ్రంథాలయం మేడ మీద ఆదివారం ఉదయాలు వేదాంతం చెప్పేవారు. అంతకు ముందు ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పారు. ఆ అలవాటు వల్లనేమో, అడిగినదానికి నోటితో జవాబు చెప్పడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు.

"ఏ పని?" అన్నారు.

తవిటినాయుడు సిటీ బస్సు డ్రైవరు. సింహాచలం నుంచి పాత పోస్టాఫీసుకీ, పాత పోస్టాఫీసు నుంచి సింహాచలానికీ ఇరవై రెండేళ్లుగా ఒకటే రూటు. ఇన్నేళ్లలో ఒక్క మనిషికి గోరంత గీత పడనివ్వలేదని డిపోలో రెండుసార్లు శాలువా కప్పారు. అలాంటివాడు తలవంచుకుని చెప్పుకొచ్చాడు. కూతురు హేమలత మందుల కంపెనీలో పనిచేస్తోంది. వేసవిలో వీడియో ఆటల పెట్టె ఒకటి కొని టీవీకి తగిలించింది. అందులో ఓ పెద్ద నగరం ఉంది. ఆడేవాడు ఆ నగరంలో దొంగ. ఏ కారు కావాలంటే ఆ కారు తలుపు తీసి, లోపలున్నవాణ్ణి బయటికి లాగేసి తోలుకుపోవచ్చు. పోలీసులు వెంటపడతారు. కాల్చవచ్చు, గుద్దవచ్చు, చచ్చిపోతే మళ్లీ లేవవచ్చు. కూతురు అరగంట ఆడి, నవ్వుకుని, లేచి తన పని చూసుకుంటుంది. తండ్రి అలా కాదు. మధ్యాహ్నం డ్యూటీ దిగి, అన్నం తిని కూర్చుంటే దీపాలు పెట్టే వేళకి గానీ లేవడం లేదు. ఇంటిది పిలిస్తే వినపడడం లేదు.

"ఆటే కదా," అన్నాడు కామేశ్వరరావు, చెప్పులేసుకుంటూ. ఆయన వకీలు. ఏ విషయం మీదైనా వాదించగలడు. "మనిషి లోపల ఒక మృగం ఉంటుంది. దానికి బొమ్మ మాంసం వేస్తే అసలు మాంసం అడగదు. అందుకే ఇన్ని కోట్లమంది ఆడుతున్నారు. ఇందులో పాపం లేదు, నాయుడూ."

"అడగదని మీకెలా తెలుసండీ?" అన్నాడు తవిటినాయుడు. "మొన్న గురువారం మర్రిపాలెం దగ్గర ఆటో ఒకటి బస్సుకి అడ్డంగా దూరింది. బ్రేకు వేశాను. వేశాను గానీ, గుద్దేస్తే ఏటవుతాది అని ఒక్క రెప్పపాటు అనిపించింది. వెనకాల యాభై మంది ఉన్నారండీ. ఆటోలో తల్లీ పిల్లా ఉన్నారు. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోవడం లేదు. నాకు స్టీరింగు వద్దు, డిపో గేటు దగ్గర కూర్చోబెట్టండని మేనేజరు గారితో చెప్పేశాను. రేపు కాగితం రాసిమ్మన్నారు."

గురువు గారు కండువా సర్దుకుని, "కామేశ్వరరావూ, నీ కారు ఓ గంట మాకిస్తావా?" అన్నారు.

వకీలు తాళాలు ఇవ్వడానికి కాస్త తటపటాయించాడు. విన్న కథ అలాంటిది మరి. చివరికి ఇచ్చాడు.

తవిటినాయుడు స్టీరింగు ముందు కూర్చున్నాడు. గురువు గారు పక్కన కూర్చుని ఒళ్లో చేతులు పెట్టుకున్నారు.

"ఎటు తియ్యమంటారండీ?"

"నీ ఇష్టం."

"అంటే, పని ఎక్కడండీ?"

"పనేమీ లేదు. ఎటైనా సరే."

కారు రోడ్డెక్కింది. ఆదివారం కావడంతో రోడ్డు కాస్త ఖాళీగానే ఉంది. అయినా తవిటినాయుడు అద్దం సర్దాడు. మళ్లీ సర్దాడు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అడిగాడు. "గురువు గారూ, కుడికెళ్తే గాజువాక. ఎడమకెళ్తే హైవే, అలా భీమిలి దాకా పోవచ్చు. ఎటండీ?"

"నీ ఇష్టమన్నాను కదా."

"నా ఇష్టమేటండీ!" అని అరిచినంత పని చేశాడు. గురువు మీద గొంతు పెంచినందుకు వెంటనే చెవులు ఎర్రబడ్డాయి. భీమిలి వెళ్దామనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. సముద్రం పక్క రోడ్డు, ఎర్రమట్టి దిబ్బలు, గాలి, అన్నీ కళ్లకు కట్టాయి. వెనక నుంచి ఎవరో హారన్ కొట్టారు. కారు తిన్నగా ముందుకు పోయింది.

కాసేపయ్యాక ఆచార్యులు గారు మామూలుగా, పాఠంలో సందేహం అడిగినట్టు అడిగారు. "ఆ ఆటలో నువ్వు ఎక్కువసేపు చేసేదేమిటి? కాల్చడమా?"

"కాల్చడం మొదటి నాలుగు రోజులేనండీ. వాళ్లు పనులు చెప్తారు, ఫలానా వాణ్ణి చంపు, ఫలానా బ్యాంకు దోచు అని. అవి నేను చెయ్యను. విసుగు. ఓ లారీ దొంగిలించి అలా పోతుంటాను. ఇసకలోంచి పోతాను, కొండెక్కిస్తాను. పొలాలకి అడ్డంపడి పోతాను. అక్కడ వెనక నుంచి రైట్ రైట్ అనేవాడు ఉండడండీ." నవ్వబోయి ఆగిపోయాడు. "దారికి అడ్డొస్తే మాత్రం ఎవరైనా సరే గుద్దేస్తాను. అదే నా భయం."

ఆ మాట అంటూనే కారును ఎడమ పక్కకి తీసి నెమ్మది చేశాడు. రోడ్డు పక్కన నిలబడ్డ ఒకామె సంచీ చంకలో పెట్టుకుని కిటికీ దగ్గరకి వంగింది.

"పూర్ణా మార్కెట్టుకి వెళ్తాదా బాబూ?"

"వెళ్తాది, ఎక్కండమ్మా," అన్నాడు తవిటినాయుడు.

ఆమె కారును ముందు నుంచి వెనక దాకా ఒకసారి చూసి, రెండడుగులు వెనక్కి వేసింది. అప్పుడు గానీ అతనికి తాను బస్టాపులో ఆపినట్టు తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయి కారు ముందుకు దూకించాడు. గురువు గారు కిటికీలోంచి ఎటో చూస్తున్నారు. అంతకు ముందు రెండు స్టాపుల్లోనూ కారు ఇలాగే పక్కకి జరిగిన సంగతి ఆయన చెప్పలేదు.

కంచరపాలెం దాటుతుండగా ఒక సంగతి జరిగింది. సైకిలుకి రెండు పక్కలా కొబ్బరిబోండాల గెలలు కట్టుకుని ఒక ముసలాయన సందులోంచి వస్తూ పట్టు తప్పి, సైకిలుతో సహా రోడ్డు మీద పడ్డాడు. కారు కీచుమని అరిచి ఆగింది. గురువు గారి తల అద్దానికి తగలబోయి తప్పింది. ముసలాయన మోకాలికీ బంపరుకీ మధ్య జానెడు చోటు మిగిలింది.

"కళ్లు కనపడవేటి నీకు? మనిషిని చంపేస్తావేటి?" అని ముసలాయన కింద నుంచే తిట్లు లంకించుకున్నాడు.

తవిటినాయుడు దిగి ఆయన్ని లేవదీశాడు. సైకిలు నిలబెట్టాడు. దొర్లిపోయిన బోండాలన్నీ ఏరి, తిరిగి కట్టి, ఆయన తిట్లన్నీ తలవంచుకుని విన్నాడు. మోకాలు మడిచి చూపించమని, ఆయన చూపించే దాకా వదల్లేదు. తర్వాత వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"పడ్డం ఎప్పుడు చూశావు?" అని అడిగారు గురువు గారు.

తవిటినాయుడు ఆలోచించాడు. "కారు ఆగాక చూశానండీ."

"మరి బ్రేకు వేసిందెవరు?"

అతను తన కుడికాలి వైపు, అది వేరేవాళ్ల కాలయినట్టు, కాసేపు చూశాడు. తర్వాత బండి తీశాడు.

కాన్వెంటు జంక్షన్, పూర్ణా మార్కెట్టు. తవిటినాయుడి మనసంతా ముసలాయన మోకాలి చుట్టూ, ఆటోలో పిల్ల చుట్టూ తిరుగుతోంది. దారి సంగతే గుర్తులేదు. ఒకచోట కారు ఆపి, ఇంజను కట్టేసి, హ్యాండ్ బ్రేకు లాగి, మణికట్టు తిప్పి గడియారం చూసుకున్నాడు.

"ఏడు నిమిషాలు లేటయ్యింది," అన్నాడు.

తలెత్తాడు. పాత పోస్టాఫీసు. రోజూ బస్సు నిలబెట్టే చోటే, ఆ గోడ పక్కనే. టీ కొట్టువాడు అద్దంలోంచి చూసి గుర్తుపట్టి, "ఏటి నాయుడూ, ఆదివారం కూడానా?" అని పలకరించాడు.

తవిటినాయుడు స్టీరింగు మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు, మళ్లీ స్టీరింగు మీద పెట్టాడు, మళ్లీ తీసేశాడు. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టుంది. ఏదో అర్థమైనట్టే ఉంది.

ఆ తర్వాత సంగతి కామేశ్వరరావు చెప్పగా పాఠానికి వచ్చేవాళ్లమంతా విన్నాం. మర్నాడు మేనేజరుకు కాగితం అందలేదట. తవిటినాయుడు ఇప్పటికీ అదే రూటులో తోలుతున్నాడు. ఆటల పెట్టె కూడా ఆ ఇంట్లోనే ఉంది. వారానికోసారి సెలవు వచ్చిన రోజున మాత్రం అతను ఇంట్లో నిలవలేక, ఎక్కడికో చెప్పకుండా బయల్దేరుతుంటాడట. ఒక్కోసారి సగం దారిలోనే తిరిగి వచ్చేస్తాడట.

ఆ రోజు కారులో మాత్రం అతను అడిగింది ఒక్కటే.

"గురువు గారూ, రేపు నన్ను బస్సెక్కమంటారా, వద్దంటారా?"

ఆచార్యులు గారు అప్పటికే తలుపు తీసి, ఒక పాదం కింద పెట్టారు. టీ కొట్టు వైపు నడవబోతూ వెనక్కి తిరిగారు.

"నీ కాలి మీద నాకు బెంగ లేదు, నాయుడూ. ఎటైనా సరే అంటే ఇక్కడికే తెచ్చిన ఆ చేతుల సంగతే చూసుకో."