మలీద పెట్టిన చెయ్యి

ఓబులేసుకు తిండంటే భయం పట్టుకుంది.

ఆకలి లేక కాదు. కడుపు నకనకలాడుతూనే ఉండేది. కానీ కంచం ముందర కూర్చున్నాడంటే గుండె దడ మొదలు. ఈ ముద్ద లోపలికి పోయి ఏం చేస్తుందో, రేపటికి కాలు తిమ్మిరెక్కుతుందో, ఎల్లుండికి కళ్ళు మసకలేస్తాయో అని ముద్ద చేతిలో ఉండగానే నూరు ఆలోచనలు. చివరికి సగం కంచం అట్లే వదిలి లేచేవాడు. లేచి ఊరికే ఉంటాడా, తిన్న సగం గురించి దిగులు పడేవాడు.

ఇంతకీ జరిగింది చూస్తే పెద్దగా ఏమీ లేదు. ఓబులేసు దుకాణాలకు బోర్డులు రాస్తాడు. ఊరి బడిలో ఉచితంగా రక్తపరీక్షలు చేస్తున్నారని భార్య రత్నమ్మ చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. డాక్టరమ్మ కాగితం చూసి, "షుగరు గీత దగ్గరికొచ్చింది, ఇంకా దాటలేదు. తిండి కాస్త తగ్గించండి, పొద్దున నడవండి, కొన్నాళ్ళాగి మళ్ళీ చూపించుకోండి" అంది. ఇంకొకరైతే బతికిపోయాం అనుకుని ఇంటికొచ్చి చల్లగా మజ్జిగ తాగి పడుకునేవాళ్ళు.

ఓబులేసు అట్లా పడుకోలేకపోయాడు. వాళ్ళన్న సుంకన్న పోయింది ఈ షుగరుతోనే. ముందు వేలు తీశారు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి దాకా. ఆస్పత్రి మెట్ల మీద అన్నను వీపున మోసింది ఓబులేసే. మోసిన ప్రతిసారీ అన్న ఇంకాస్త తేలికయ్యేవాడు. ఆ తేలిక ఓబులేసు వీపుకు ఇప్పటికీ గుర్తే. అందుకే డాక్టరమ్మ "తగ్గించు" అంటే ఇతని చెవిలో "మానెయ్" అని పడింది.

మొదట చక్కెర మానేశాడు. మంచిదే, ఎవరూ కాదనలేదు. తర్వాత అన్నం. అన్నం పోతే పోయింది, రాగిసంగటి ఉందిలే అనుకుంటే, ఫోనులో తెల్లకోటాయన ఒకడు సంగటి కూడా పనికిరాదన్నాడు. ఇంకొకడు పండ్లు వద్దన్నాడు. మరొకడు నూనె పేరెత్తితేనే కళ్ళెర్రజేశాడు. ఒకరు అమృతమన్నదాన్ని ఇంకొకరు విషమనేవారు. ఓబులేసు ఇద్దరి మాటా వినేవాడు, ఇద్దరికీ భయపడేవాడు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని సణుక్కుంటూ రత్నమ్మ ఆయనకు వేరే గిన్నెలో ఆకుకూర ఉడకేసి పెట్టేది. మనిషి చిక్కి సగమయ్యాడు. చొక్కాలో ఓబులేసు ఎక్కడున్నాడా అని వెతుక్కోవాలి. ఒకరోజు నిచ్చెన మీద కళ్ళు తిరిగి, 'కిరాణా'కు పెట్టాల్సిన దీర్ఘం పోయి దుకాణదారు పేరు మీద పడింది. రంగు తుడుస్తూ ఇంకా భయపడ్డాడు. తిండి లేక తిరిగాయి కళ్ళు, కానీ ఇతను మాత్రం షుగరు దాటిపోయిందనుకున్నాడు.

ఇదంతా ఒక ఎత్తు, బుధవారం సాయంత్రం జరిగింది ఒక ఎత్తు. రత్నమ్మ చెనక్కాయలు వేయించి, బడినుంచి వచ్చిన కూతురు మేఘనకు దోసిట్లో పోసింది. మూడో తరగతి పిల్ల. ఒక గింజ నోట్లో వేసుకోబోయి ఆగి, నాన్న ముఖం చూసింది.

"నాన్నా, ఇవి తింటే నా కాలు గూడా తీసేస్తారా?"

అడిగి, గింజలన్నీ ఒక్కటి కింద పడకుండా మళ్ళీ చేటలో పోసేసింది.

ఓబులేసుకు ఒళ్ళు చల్లబడింది. తన భయం తనతో పోతే బాగుండేది, అది పిల్ల దోసిట్లోకి కూడా వచ్చేసింది. ఇక నానబెట్టి లాభం లేదు, ఏవి వదలాలో ఒక్కసారిగా ఒట్టు పెట్టేసుకోవాలి అనుకున్నాడు. అప్పుడు పూటపూటకూ ఈ చావు ఉండదు. ఒట్టంటే మస్తానయ్య తాత దగ్గరే పెట్టాలి.

నల్లగుట్ట కింద తాతగారి గురువు సమాధి, దాని పక్కన పెంకుటిల్లు, ఆ ఇంటి అరుగు మీద తాత. ఫకీరనేవాళ్ళు ఫకీరంటారు, సామి అనేవాళ్ళు సామి అంటారు, ఆయన దేనికైనా పలుకుతాడు. మాటలు తక్కువ. ఓబులేసు మీసాలు రానప్పటినుంచీ ఆయన శిష్యుడే. అక్కడొక ఆనవాయితీ ఉంది. ఎవరైనా తాత చేతిలో చెయ్యేసి "ఫలానాది వదిలేసినా" అన్నారంటే, ఇక ఈ జన్మకు దాని జోలికి పోకూడదు. అట్లా సారాయి వదిలినవాళ్ళున్నారు, పేకాట వదిలినవాళ్ళున్నారు. మాట తప్పినవాడు ఒక్కడూ లేడని చెప్పుకుంటారు. తప్పినవాడు చెప్పుకోడు గదా, అది వేరే సంగతి.

తెల్లవారి గురువారం. గురువారం అక్కడ చదివింపులు, అంటే తీపి ముందర తాత ప్రార్థన చదివాక దాన్ని వచ్చినవాళ్ళందరికీ పంచుతారు. వంట చూసుకునే ముసలామె పీరమ్మ పెద్ద తట్ట ముందరేసుకుని మలీద చేస్తోంది. గోధుమరొట్టెలు పొడిపొడిగా నలిపి, బెల్లం, నెయ్యి, యాలకుల పొడి వేసి కలిపితే మలీద. ఆ వాసన వీధి మలుపులోనే ఎదురొచ్చింది. ఓబులేసుకు నోట్లో నీళ్ళూరాయి. ఊరినందుకు మళ్ళీ దిగులేసింది.

"ఏందబ్బా, బోర్డులు రాసేటోనివి, నువ్వే బోర్డు కట్టే వాసం మాదిరి అయితివే" అంది పీరమ్మ.

ఓబులేసు నేరుగా అరుగెక్కాడు. తాత కాళ్ళకు మొక్కి, ఎదురుగా కూర్చుని, అన్న సంగతి, డాక్టరమ్మ సంగతి, పిల్ల అడిగిన మాట, అన్నీ చెప్పుకున్నాడు.

"నాకింగ చేత గాదు తాతా. చేతిలో చెయ్యేసి వదిలేస్తా."

"ఏమేమి వదుల్తావు?"

"అన్నం, బెల్లం, మామిడిపండు, చెనక్కాయలు. పాలు గూడా అనుకుంటాండా, ఇంగా తేల్లేదు."

"కాకరకాయ?"

"అది మంచిదంట తాతా."

"మొగోళ్ళంతా ముందు దాన్నే వదుల్తారే" అంది పీరమ్మ, తట్టలోంచి తలెత్తకుండా.

తాత గడ్డం సవరించుకున్నాడు. "డాక్టరమ్మ ఏమనె?"

"తగ్గించమనె."

"తగ్గిస్తివా?"

"లేదు తాతా, మానేస్తి. తగ్గించేది నాకు రాదు. ఎంత తినల్లో, యాడ నిలపల్లో తెలీక పానం కొట్టుకుంటాది. మొత్తానికే వదిలేస్తే నిమ్మళంగా ఉంటాది."

అని కుడిచెయ్యి చాపాడు. చెయ్యి వణుకుతోంది. ఆకలికి వణుకుతోందో భయానికి వణుకుతోందో అతనికే తెలీదు. తాత ఆ చేతిని పట్టుకోలేదు.

"పోయి కడుక్కోని రా" అన్నాడు.

ఒట్టుకు ముందు చెయ్యి శుద్ధిగా ఉండాలేమో అనుకున్నాడు ఓబులేసు. తొట్టి దగ్గరికి పోయి గోళ్ళలోని రంగు కూడా పోయేదాకా తోముకున్నాడు. తిరిగొచ్చేసరికి తాత తట్ట ముందర సాంబ్రాణి వేసి, కళ్ళు మూసుకుని చదవడం అప్పుడే ముగించాడు. అరుగు కింద జనం వరసలో నిలబడ్డారు.

"పీరమ్మకు మణికట్టు నొప్పంట. ఈ పూట నువ్వు పెట్టు" అన్నాడు తాత.

"తాతా, నేనొచ్చిన పని..."

"జనం నిలబడినారు."

గురువు మాటకు ఎదురేముంది. ఓబులేసు తట్ట ముందర కూర్చున్నాడు. అక్కడ విస్తర్లూ ప్లేట్లూ ఉండవు. పెట్టేవాడు ముద్ద చేసి చేతిలో పెడతాడు, తీసుకునేవాళ్ళు కళ్ళకద్దుకుని తింటారు. ఎంత పెట్టాలన్నది పెట్టేవాడి ఇష్టం. ఇంకొంచెం అనకూడదు, వద్దనకూడదు. పెట్టేవాడు అందరి తర్వాత తింటాడు.

వేళ్ళు మలీదలో దూరగానే నెయ్యి వెచ్చగా తగిలింది. అందరూ తిన్నాక తనకూ మిగుల్తుంది, అప్పుడేం చెయ్యాలి, వద్దంటే తప్పు, తింటే కాలు. అంతలో ముందరికి ఒక చెయ్యి వచ్చింది.

రాళ్ళు కొట్టే వన్నూరప్ప చెయ్యి అది. అరచెయ్యంతా కాయలు. పొద్దుగూకేదాకా ఎండలో సుత్తి ఎత్తాలి. ఓబులేసు దండిగా పట్టి పెద్ద ముద్ద పెట్టాడు. తర్వాత పండ్లు లేని ఒక అవ్వ. రొట్టె పలుకులు తగిలితే చిగుళ్ళు నొస్తాయని, ఇంకోసారి మెత్తగా నలిపి, కాస్త నెయ్యద్ది పెట్టాడు. తర్వాత నెలలు నిండిన కోడలుపిల్ల. ముద్ద పెట్టి, ఆమె పోబోతుంటే ఆపి, పైన ఇంకాస్త పెట్టాడు. చంకలో బిడ్డతో ఒకామె వచ్చింది, బిడ్డకు కడుపు బాగలేదంది. బిడ్డ నాలిక్కి చిటికెడు అంటించాడు, అది చప్పరించి నవ్వింది.

ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. ఓబులేసు ఎవరినీ ఏమీ అడగలేదు. ముఖం చూస్తున్నాడు, చెయ్యి చూస్తున్నాడు, పెడుతున్నాడు. వణుకు ఎప్పుడు ఆగిందో గమనించుకోలేదు. పీరమ్మ కూడా ఎడంచేత్తో కుడిచేతిని పట్టుకుని వచ్చి తన ముద్ద తీసుకుని, తింటూ లోపలికి పోయింది. మిగిలినవాళ్ళు చేతులు కడుక్కుని బస్సు వేళయిందని వెళ్ళిపోయారు.

అప్పుడు ముందరికి తాత చెయ్యి వచ్చింది.

ఓబులేసు ఆగిపోయాడు. తాతకు షుగరు ఎప్పటిదో. పూటపూటా మాత్ర పీరమ్మే గుర్తుచేసి వేయిస్తుంది, అక్కడికొచ్చే అందరికీ తెలిసిన సంగతే. తట్ట వంక చూశాడు, ముడతలు పడిన ఆ అరచెయ్యి వంక చూశాడు. కొంచెం తీశాడు. అందులో మళ్ళీ సగం తట్టలో వేసేశాడు. మిగిలినదాన్ని రేగ్గాయంత ఉండ చేసి, రెండు చేతులతో తాత అరచేతిలో పెట్టాడు.

తాత దాన్ని ఎండలోకి పట్టి చూశాడు. "ఇంతేనా?"

"చాలు తాతా. ఎక్కువ నీకు మంచిది గాదు."

"మంచిది గాకుంటే మొత్తానికే పెట్టకుండా ఉండాల్సింది."

"అట్లెట్ల తాతా." ఓబులేసుకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. "అంతమందికీ పెట్టి, నీ చెయ్యొక్కటే ఖాళీగా పెట్టేదానికి నా పానం ఒప్పలే."

తాత ఆ ఉండను కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. తొందరేమీ లేదు. కరిగేదాకా నమిలాడు, మింగాడు, వేలికంటిన నెయ్యి కూడా నాకాడు. తర్వాత తట్ట వైపు చూశాడు. అడుగున ఇంకా కొంచెం మలీద ఉంది.

"ఇంగొకడు మిగిలినాడు నాయనా" అన్నాడు. "పాపం, శానా దినాల నుంచి ఆకలితో ఉండాడు. నాకు పెట్టినట్టే వానికీ పెట్టు."

ఓబులేసు తలెత్తి వరస వైపు చూశాడు. అరుగు కింద ఎవరూ లేరు.